రెండు స్తంభాల వరండా

మా ఆయన తాపీమేస్త్రి. ఊళ్లో సగం ఇళ్ల గోడలు ఆయన చేతి మీదుగా లేచినవే. మా ఇంటి ముందుభాగానికి మాత్రం ముప్ఫై ఏళ్లుగా పూత లేదు, గుమ్మానికి నీడ లేదు. ఇటుకలు పళ్లు ఇకిలించుకుని వీధిలోకి చూస్తుండేవి. గుమ్మం ఎక్కాలంటే ఐదు నిటారు మెట్లు. నేను సణిగినప్పుడల్లా, "పని మానేశాక మొట్టమొదటి పని అదేలేవే" అనేవాడు. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

ఆ చలికాలంలో ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటూ కింద పడ్డాడు. వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. తలలో ఒక చిన్న నరం మూసుకుపోయి మళ్లీ తెరుచుకుందన్నారు. మాట బాగానే ఉంది, కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. "అదృష్టవంతుడివి పెద్దాయనా" అని డాక్టరు బుజం తట్టి పంపించేశాడు. ఇంటికొచ్చి ఆ ఐదు మెట్లూ నా బుజం పట్టుకుని ఎక్కి, పైమెట్టు మీద ఆయాసంతో నిలబడ్డాడు.

"ఇక మానేశాను. మనిద్దరం ముసలాళ్లమైపోయాం. ఈ ఇల్లు కూడా ముసలాళ్లకి తగ్గట్టు చెయ్యాలి," అన్నాడు.

"నువ్వు అయ్యావు. నన్ను కలపకు," అన్నాను. నవ్వాడు.

ఎండలు ముదిరేసరికి మెట్లు పగలగొట్టి, వాటి చోట ర్యాంపు పోశాడు. పట్టుకుని నడవడానికి పక్కన చిన్న పిట్టగోడ. ఇక మిగిలింది వరండా. గుమ్మం ముందు రెండు ఇటుక స్తంభాలు, వాటి మీద రేకుల కప్పు, కింద రెండు కుర్చీలు. ముగ్గుపిండితో నేల మీద గీతలు గీసి ఎక్కడెక్కడ ఏముంటుందో నాకు చూపించాడు. సాయంత్రం నా కుర్చీ మీద ఎండ పడకుండా ఎటు తిప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. మనిషిని పెట్టుకోమంటే వినలేదు. ఊళ్లోవాళ్లందరికీ కట్టినవాడు తన ఇంటికి ఇంకొకరి చేత కట్టించుకుంటాడా అన్నాడు.

ఆయనకో పట్టుదల ఉంది. గోడ నిలువుగా లేస్తోందో లేదో తెలియడానికి మిగతా మేస్త్రీలు దారానికి తూకం గుండు కట్టి వేలాడదీస్తారు, రసమట్టం ఆనించి చూస్తారు. ఆయన చేతిలో ఆ రెండూ ఎవరూ చూడలేదు. ఒక కన్ను మూసి, మెడ కొంచెం వంచి చూసేవాడు, అంతే. పందేలు కాసి గుండు వేసి చూసినవాళ్లు కూడా ఓడిపోయారు. అందుకని ఆయన గోడకు గుండు కట్టడమంటే ఆయన మొహాన పేడనీళ్లు కొట్టినట్టే. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఎవరూ అంత సాహసం చేయలేదు.

నేను ముప్ఫై ఏళ్లు కుట్టుమిషన్ మీద కూర్చున్నదాన్ని. అంచు గింజంత వంకర పోయినా నా కంట్లో నలుసు పడ్డట్టుంటుంది. మొదటి స్తంభం మొదలుపెట్టిన రోజు దారపుండల కోసం బజారుకు వెళ్లి తిరిగొస్తూ వీధి మలుపులో తలెత్తి చూశాను. నడుమెత్తు లేచిన స్తంభం, బడికి వెళ్లనని మారాం చేసే పిల్లాడిలా ఎడమ పక్కకు వాలి ఉంది. ఆయన దాని ముందు నిలబడి, ఒక కన్ను మూసి, తృప్తిగా తల ఊపుకుంటున్నాడు.

"ఎలా ఉందే?" అన్నాడు నన్ను చూసి.

"బాగుంది," అన్నాను. ఆ ఒక్క మాటతో మొదలైంది నా తప్పు.

అన్నం తిని మాత్ర వేసుకుంటే ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఒళ్లు తెలియని నిద్ర ఆయనకు. ఆ వేళ చూసి రెండు వీధుల అవతలకు పరిగెత్తాను. అక్కడ కొత్త ఇల్లు కడుతున్నది ఆయన శిష్యుడే. ఆరడుగుల పైన ఉంటాడని అందరూ గెడకర్ర అంటారు. అతనికీ నలభై ఐదేళ్లు వచ్చాయి, మీసం నెరిసింది. అయినా మా ఆయన ఎదురైతే చేతిలో బీడీ వెనక్కి పోతుంది. రానని నసిగాడు. నా మొహం చూసి వచ్చాడు. స్తంభానికి రసమట్టం ఆనించి, అందులో బుడగ ఎక్కడాగిందో చూసి, మట్టం తిప్పి పెట్టి మళ్లీ చూశాడు.

"బొటనవేలంత పోయిందమ్మా. గురువుగారేనా కట్టింది?"

"ఇంకెవరు కడతారు?"

"చెబుదామా?"

"చెప్పి? కన్ను మూసి చూసి కట్టే మనిషిరా ఆయన. ఇవాళ్టి వరకు ఒక్క ఇటుక పీకించుకోనివాడు. నువ్వు చెబుతావా? చెప్పు, వెళ్లి లేపు."

గెడకర్ర తాపీ తీశాడు. పచ్చిగానే ఉన్న వరసలు ఒక్కొక్కటే తీసి తిన్నగా పేర్చాడు. తాపీ చప్పుడు లోపలికి వినపడకుండా నేను మిషన్ ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టాను. కుట్టడానికి బట్టలేమీ లేవు. ఒక పాత దుప్పటికి అంచు మీద అంచు వేసుకుంటూ పోయాను. మూడింటికి గెడకర్ర వెళ్లిపోయాడు. వీధిలోకి వెళ్లి చూసుకుంటే స్తంభం సిపాయిలా నిలబడి ఉంది. ఒక మంచిపని చేశానన్న సంతోషంతో టీ పెట్టాను.

నాలుగింటికి ఆయన టీ గ్లాసుతో బయటికి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే ఆగిపోయాడు.

"ఇదేంటే, ఇలా ఒరిగింది?"

"ఎక్కడ? తిన్నగానే ఉంది కదా," అన్నాను. ఈసారి నిజమే చెప్పాను.

"నీకేం తెలుసు, కుడి పక్కకి పడిపోతుంటే!" గ్లాసు పక్కన పెట్టి పై వరసలన్నీ పీకేశాడు. పొద్దున్నే మళ్లీ కట్టాడు. కట్టింది మళ్లీ ఎడమకు వాలింది. మధ్యాహ్నం గెడకర్ర వచ్చి సరిచేశాడు. నాలుగింటికి ఈయన మళ్లీ పీకాడు.

అలా పన్నెండు రోజులు జరిగింది. నేను గెడకర్రను తిట్టాను. "నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకో మేస్త్రిని చూసుకుంటాను" అన్నాను. పాపం, రసమట్టం తెచ్చి నా కళ్ల ముందే పెట్టి చూపించాడు. బుడగ మధ్యలోనే ఉంది. "వెంట్రుకవాసి తేడా లేదమ్మా. మరి గురువుగారికి ఏం కనిపిస్తోందో నాకు తెలీదు." నాకూ తెలియలేదు.

ఎవరో తన పని మార్చేస్తున్నారన్న అనుమానం ఆయనకు రాకపోవడానికి కారణం ఉంది. మేస్త్రి చేతిని మేస్త్రి పట్టేస్తాడు. ఇటుకకూ ఇటుకకూ మధ్య ఎంత సందు వదిలాడు, మిగిలిన సిమెంటును తాపీతో ఎటునుంచి ఎటు గీశాడు, ఇవన్నీ దస్తూరీలాంటివి. గెడకర్ర ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. గురువు దస్తూరీని గురువే గుర్తుపట్టలేనంత బాగా నేర్చుకున్నాడు. అదే మా కొంప ముంచింది. ఆ వాలింది తన గోడేనని నమ్మాడు మా ఆయన.

స్తంభం నడుము దాటలేదు. పక్కింట్లో రిటైరైన బస్సు కండక్టరు ఉంటాడు. గోడ మీదనుంచి తల పెట్టి, "ఏం మేస్త్రీ, పది రోజుల్నుంచి నీళ్లు పోస్తున్నావు, మొలక రావట్లేదేం?" అన్నాడు. ఇంకొకప్పుడైతే మా ఆయన దానికి నాలుగు వడ్డించి పంపేవాడు. ఆ రోజు ఏమీ అనకుండా లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అన్నం సగంలో వదిలేశాడు. సిమెంటు మోసే గమేళా, తాపీ కడిగి, గోనెసంచిలో చుట్టి, మంచం కిందికి తోశాడు.

"ఒక మాట చెబుతాను, నవ్వకు," అన్నాడు.

"చెప్పు."

"పొద్దున కట్టినప్పుడు తిన్నగా ఉంటుంది. నా కళ్లతో చూసుకుంటాను. పడుకుని లేచేసరికి వాలిపోతుంది. ఇటుకలు నడవవు కదా. అంటే పొద్దున నేను చూసింది నిజం కాదన్నమాట. నాకు మతి పోతోందే."

"ఛ, ఏం మాటలవి?"

"మా పెదనాన్నకి ఇలాగే మొదలైంది. గొడ్డలి ఎక్కడ పెట్టాడో తెలిసేది కాదు. తర్వాత పెద్దమ్మని ఎవరు నువ్వు అని అడిగాడు. నిన్ను అలా అడిగే రోజు వస్తే, నువ్వు విసుక్కోకు. నీ పేరు చెప్పు. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పు."

ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా ఏడవలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటివంకే చూసుకుంటూ కూర్చున్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసులోకి ఆయన్ని కూడా దింపాను. అప్పటికప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచాను. ఏమని చెప్పను? నీకు మతి పోలేదు, నువ్వు కట్టిందే వంకర అని చెప్పాలా? ఏది చెబితే తక్కువ చస్తాడో తేల్చుకోలేక నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. నేను వెనకనుంచి వెళుతూ అలవాటుగా గోడకున్న అద్దాన్ని సరిచేశాను. చలికాలం నుంచీ అది ఎడమకు వాలుతోంది. మేకు వదులైందనుకుని రోజుకు రెండుసార్లు సరిచేస్తున్నాను. ఆయన విసుగ్గా నా చెయ్యి తోసేశాడు.

"ఈ అద్దాన్ని రోజూ వంకర చేసేది నువ్వేనా?" అంటూ మళ్లీ ఎడమకు వాల్చి, ఒక కన్ను మూసి చూసుకుని, "ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. చెయ్యి బాగుంది. మతి బాగుంది. ఆయనకు నిలువే వంకరగా కనిపిస్తోంది, వంకర నిలువుగా కనిపిస్తోంది. చలికాలంలో ఆ నరంతో పాటు పోయింది అదొక్కటే. ఆ ఒక్కటి పట్టుకునే ఆయన జన్మంతా బతికాడు.

ఆ సాయంత్రం నాలుగింటికి గెడకర్రను దొడ్డిదారిన కాకుండా వీధిలోంచే రమ్మన్నాను. తూకం గుండు తెమ్మన్నాను. వద్దమ్మా, గురువుగారు చంపేస్తారు అన్నాడు. చంపితే నన్ను చంపుతాడులే రమ్మన్నాను.

గుండును చూడగానే మా ఆయన మొహం ఎర్రబడింది. "నా గోడకి గుండు కడతావురా?"

"నేనే తెమ్మన్నాను," అన్నాను. "గోడకి కాదు. ఊరికే వేలాడదియ్యి."

గెడకర్ర చూరుకున్న కొక్కేనికి దారం కట్టి గుండు వదిలాడు. అది కాసేపు అటూ ఇటూ ఊగి, నిలిచింది. మా ఆయన చూశాడు. మెడ కొంచెం వంచి, ఒక కన్ను మూసి చూశాడు.

"గాలి వీస్తోందా?" అన్నాడు.

"లేదు గురువుగారూ."

"మరి దారం కుడి పక్కకి లాగుతోందేం?"

ఆయన దగ్గరికి వెళ్లి గుండును రెండు వేళ్లతో పట్టుకుని ఆపాడు. వదిలాడు. వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు. పక్కకు వెళ్లి చూశాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ చూశాడు. వేలాడే గుండు వంకరగా ఉండదని ఆయనకు నేను చెప్పాలా.

"ఓహో," అన్నాడు.

పిట్టగోడ మీద కూర్చున్నాడు. నేను ఆయన ముందు నిలబడి, మొదటిరోజు నుంచి జరిగిందంతా చెప్పేశాను. గెడకర్ర రావడం, మిషన్ తొక్కడం, అన్నీ. అంతా అయ్యాక, "అయితే మతి పోలేదన్నమాట," అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. నేనూ ఊపిరి పీల్చుకోబోయాను.

"పన్నెండు రోజులు," అన్నాడు నా వైపు చూడకుండా. "పిచ్చివాణ్ణి అయిపోతున్నానని నేను లోపల చస్తుంటే, నువ్వు పక్కగదిలో కూర్చుని మిషన్ తొక్కావు."

ఆయన అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. లేచి ర్యాంపు మీదుగా, గోడ పట్టుకుని, లోపలికి వెళ్లిపోయాడు.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. కళ్లలో దోషం లేదు, చూసింది తిన్నగా ఉందో లేదో తేల్చే చోట దెబ్బ తగిలింది అన్నాడు డాక్టరు. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఇప్పుడే చెప్పలేం అన్నాడు. వరండా పని గెడకర్రకు అప్పజెప్పాడు మా ఆయన. అతను తన పని ముగించుకుని రోజూ సాయంత్రాలు వచ్చి కట్టేవాడు. ఈయన స్టూలు వేసుకుని, స్తంభానికి వీపు పెట్టి, వీధివైపు తిరిగి కూర్చునేవాడు. ఇటుక తడిపావా, సిమెంటు ఎక్కువ పోసి చచ్చావా అని వెనక్కి చూడకుండానే అడిగేవాడు.

నాతో మాత్రం మాట లేదు. కోపమైతే తెలిసిపోతుంది, నాలుగు రోజుల్లో చల్లారుతుంది. ఇది వేరు. నేను ఏం చెప్పినా నమ్మడం మానేశాడు. "మాత్ర ఇదేనా?" అని చీటీ తీసుకుని చదువుకునేవాడు. ఒకరోజు చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లి, "గుండీలు సరిగ్గా పెట్టుకున్నానా రా?" అని గెడకర్రను అడిగాడు. ఆ చొక్కా కుట్టింది నేను. ఆయన ఒంటి మీద చొక్కా సరిగ్గా ఉందో లేదో ముప్ఫై ఐదేళ్లుగా చెబుతున్నది నేను. వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ ముసలితనం కోసమే కదా మెట్లు పగలగొట్టుకున్నాం, నీడ కట్టుకుంటున్నాం. ఇలా ఒకరి మాట ఒకరు నమ్మకుండా ఆ నీడలో రెండు కుర్చీలు వేసుకుని ఏం చేస్తాం అనిపించింది.

రెండో స్తంభం పూర్తయిన రోజు గెడకర్ర హుషారుగా ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే రేకులవాళ్లు వస్తున్నారు. నిచ్చెన దిగి చేతులు దులుపుకున్నాడు.

"అయిపోయింది గురువుగారూ. రెండూ రెండు సిపాయిలే."

మా ఆయన స్టూలు మీద వెనక్కి తిరిగాడు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆ స్తంభాల వంక చూశాడు. ఆయనకు అవి ఎలా కనిపించాయో నాకు తెలుసు. రెండూ కుడిపక్కకు పడిపోతున్నట్టే కనిపించి ఉంటాయి. కాసేపు చూసి కళ్లు దించుకున్నాడు.

"ఇదిగో," అన్నాడు. నన్నేనని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. గుమ్మంలో బియ్యం చేట పట్టుకుని ఉన్నాను. "నువ్వు చూసి చెప్పు. తిన్నగా ఉన్నాయా?"

చేట కింద పెట్టి వీధిలోకి వెళ్లాను. మొదటి స్తంభం బాగుంది. రెండోది కింద నుంచి పైదాకా బాగుంది, పైనుంచి మూడో వరస దగ్గర మాత్రం అంచు దారమంత లోపలికి పోయింది. గెడకర్ర నా వెనకే నిలబడి ఉన్నాడు. నేను ఎక్కడ చూస్తున్నానో పసిగట్టేశాడు.

"అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "పై నాలుగు వరసలు కంటితో కట్టాను. గురువుగారి లాగా ఒకసారి కట్టి చూద్దామని. రేపు రేకులొస్తున్నాయి. ఎవరికి కనపడుతుంది చెప్పండి?"

నిజమే, ఎవరికీ కనపడదు. మా ఆయనకు అసలే కనపడదు. నేను ఉన్నాయి అంటే ఇల్లు పూర్తవుతుంది, ఆయన నెత్తిన ఉన్న బరువు కాస్త దిగుతుంది, నాతో మాట కలిపిన ఆ ఒక్క క్షణం చెడకుండా ఉంటుంది. బాగుంది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు, స్తంభం వైపు చూడటం లేదు.

"లేదు," అన్నాను.

"ఏది?"

"రెండోది. పైనుంచి మూడో వరస."

"ఎంత?"

"దారమంత. లోపలికి."

"ఏరా?" అన్నాడు గెడకర్రతో.

"అది... గురువుగారూ, అంత చిన్నది ఎవరికి కనపడుతుందండీ!"

"దానికి కనపడింది కదరా. పీకు."

గెడకర్ర గొణుక్కుంటూ నిచ్చెన ఎక్కాడు. పైనుంచి మొదటి ఇటుక ఊడిన చప్పుడు వినపడింది. మా ఆయన స్టూలు మీదనుంచి లేచి, ర్యాంపు పక్క పిట్టగోడ మీద ఒక పక్కకు జరిగి కూర్చుని, పక్కన ఖాళీని అరచేత్తో తుడిచాడు.

"ఇలా వచ్చి కూర్చో," అన్నాడు. "వాడు మళ్లీ పెడతాడు. సరిగ్గా పెడుతున్నాడో లేదో చూసి చెబుతుండు."